కుర్చీకి నాలుగు చుక్కలు

ఇళ్ళ ప్లాన్లు గీసే ఆ ఆఫీసులో ఆమెను అందరూ దారం మేడమ్ అంటారు. వెనకాల అనడమే కాదు, మొహం మీదే అంటారు. ఏ గది గోడలు లేచినా ఆవిడ దారం ఉండ పట్టుకుని దిగిపోతుంది మరి. ఒక కొస మేస్త్రీ చేతికిచ్చి ఓ మూల నిలబెడుతుంది, రెండో కొస తను పట్టుకుని గదంతా తిరుగుతుంది. దారం ఎక్కడైనా గోడకు తగిలి వంగిందా, ఆ ప్లాను గీసినవాడికి మూడినట్టే. "మేడమ్‌గారికి ఇల్లు కడితే బీరువా కూడా గుమ్మం బయటే పెట్టుకోవాలి" అని మేస్త్రీ నవ్వుతాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వుతారు. ఆవిడ మాత్రం దారం చుట్టుకుంటూ వెళ్ళిపోతుంది.

ఈ దారం పిచ్చి వాళ్ళ నాన్న అంటించిందే. ఆయన బళ్ళో లెక్కల మాస్టారు. ఒక ఆకారంలో ఎక్కడ రెండు చుక్కలు పెట్టినా, వాటిని కలిపే గీత బయటికి పోకుండా ఉంటే అది కుంభాకారం అని చెప్పేవాడు. కుండలాగా ఉబ్బి ఉంటుందే తప్ప ఎక్కడా లోపలికి నొక్కుకుపోదు. త్రిభుజం కుంభాకారం, వృత్తం కుంభాకారం. వాళ్ళు అద్దెకున్న ఇల్లు మాత్రం కాదు. మడిచిన మోచేయిలా ఒకే ఒక్క గది. ఒక పాయలో మంచం, కిటికీ. మలుపు తిరిగితే రెండో పాయలో పొయ్యి, నీళ్ళ తొట్టి. మంచం మీద కూర్చున్నవాళ్ళకు తొట్టి కనబడదు.

ఇంకో ఇంట్లో అయితే కనబడకపోయినా వినబడుతుంది. వాళ్ళమ్మకు పుట్టుకతోనే చెవుడు. చేతులతో మాట్లాడుతుంది, కళ్ళతో వింటుంది. అందుకే మాస్టారు ఓ ఆదివారమంతా గదిలో దారాలు కట్టి లెక్క తేల్చాడు. రెండు పాయలూ కలిసే చోట కూర్చుంటే అటు కిటికీ, ఇటు తొట్టి, మొత్తం కనిపిస్తాయి. అక్కడ కుర్చీ వేసి, నాలుగు కాళ్ళ కిందా ఎర్ర రంగుతో నాలుగు చుక్కలు పెట్టాడు. కుర్చీ చుక్కలు దాటకూడదన్నది ఆ ఇంటి శాసనం. చంటి తమ్ముడు నడవడం మొదలుపెట్టాక ఆ శాసనం ఇంకా బిగిసింది.

వాడికి రెండేళ్ళు, ఆమెకు పదేళ్ళు అప్పుడు. ఓ మధ్యాహ్నం మబ్బు కమ్మేసింది. రేకుల కప్పు మీద వాన ఎలా కురిసిందంటే, చెవులున్నవాళ్ళకు కూడా ఏమీ వినబడలేదు. మర్నాడు పరీక్ష. బహుభుజులు గీసుకోవాలి, చూస్తే వెలుతురు లేదు. "ఒక్క బొమ్మమ్మా, ఇచ్చేస్తా" అని అమ్మ గడ్డం పట్టుకుని బతిమాలి కుర్చీని కిటికీ కిందికి లాక్కుంది. అమ్మ మంచం మీదికి మారి కూతురి గౌనుకు అంచు కుడుతోంది. ఒక్క బొమ్మ మూడు బొమ్మలైంది. తమ్ముడు తొట్టిలో పడిపోయాడు.

అమ్మ లేచి చూసేసరికి అంతా అయిపోయింది. పక్కింటి అత్త పరిగెత్తుకొచ్చి పిల్లను తమ ఇంటికి లాక్కుపోయింది. సాయంత్రం నాన్న వచ్చాకే మళ్ళీ తీసుకొచ్చింది. వచ్చి చూస్తే కుర్చీ చుక్కల మీద ఉంది. వెంట్రుకవాసి తేడా లేకుండా నాలుగు కాళ్ళూ నాలుగు చుక్కల మీద ఉన్నాయి. దాని వీపు మీద తడి వేళ్ళ గుర్తులున్నాయి.

"ఇక్కడ కూర్చుంటే తొట్టి కనబడకపోవడమనేది ఉండదు" అన్నాడు నాన్న, అమ్మకు అర్థమయ్యేలా చేతులు తిప్పి మరీ. "అంటే నువ్వు చూడలేదు."

ఆయన దగ్గర రుజువుంది మరి! తన చేతులతో దారం కట్టి తేల్చిన రుజువు. అమ్మ చేతులు ఒళ్ళోంచి కదల్లేదు. పిల్ల రేపు చెబుదామనుకుంది. ఆ రేపు ముప్పై ఏళ్ళు సాగింది. అమ్మ ఆ తర్వాత మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోలేదు. ఎప్పుడు చూసినా మంచం మీదే, తొట్టి కనబడని చోట. తనకు తాను వేసుకున్న శిక్ష అనుకుంది కూతురు.

కుర్చీని వెనక్కి పెట్టిందెవరు? పదేళ్ళ బుర్రకు ఒక్కటే తోచింది. తడి చేతులు ఇంకెవరికుంటాయి? తమ్ముడే పెట్టాడు.

పైగా నాన్న ఒకటి చెప్పేవాడు. వాడు పోయాక ఆయన, పొడవు వెడల్పు ఎత్తు కాక ఇంకోటి కూడా ఉండే నాలుగు కొలతల ఆకారాల్లో పడ్డాడు. కాగితాలు మడిచి అతికించి, ఇంట్లో ఎక్కడ పడితే అక్కడ వేలాడదీసేవాడు. "నాలుగు కొలతలైనా నలభై కొలతలైనా నియమం అదే. రెండు చుక్కలు, ఒక గీత" అనేవాడు. "కాగితం మీద గీసిన గదిలో చీమకు గోడ అడ్డం. పైనుంచి చూసే మనకు అడ్డమా? అలాగే, మనకు తెలియని ఆ నాలుగో కొలతవైపు నుంచి చూసేవాడికి మన గోడలేవీ అడ్డం కావు." మిగతా పిల్లలకు అది పాఠం. ఆమెకు మాత్రం అది తమ్ముడి చిరునామా అయింది. వాడు అటునుంచి చూస్తున్నాడు, కుర్చీ ఎవరు లాగారో చూశాడు. ఇప్పటికీ బల్ల ముందు ప్లాను గీస్తుంటే మెడ వెనక తడి చెయ్యి పెట్టినట్టు చల్లగా తగులుతుంది.

రెండేళ్ళ క్రితం నాన్న పోయాడు. ఆఖరి రోజుల్లో కూడా అమ్మ చేతి మంచినీళ్ళు మొహం తిప్పుకునే తాగాడు. కూతురు ఉన్న డబ్బంతా ఊడ్చి అమ్మకోసం ఒక గది కట్టించింది. ఆరు గోడల గది, ఎక్కడా నొక్కు లేదు. తనే దారం పట్టి మూడుసార్లు చూసుకుంది. ఓ పొద్దున్నే అమ్మను తీసుకొచ్చింది. మంచం వచ్చింది, కుర్చీ వచ్చింది. మేస్త్రీ అన్నట్టే బీరువా గుమ్మం బయటే ఉండిపోయింది.

"చుక్కలేవీ?" అంది అమ్మ చేతులతో.

"ఇక్కడ అక్కర్లేదమ్మా. ఎక్కడ కూర్చున్నా అంతా కనిపిస్తుంది."

అమ్మ మంచం మీద ఈ చివర కూర్చుంది, ఆ చివర కూర్చుంది. మంచం ఇంకో గోడవైపు జరిపించి మళ్ళీ కూర్చుంది. ఆమె మొహంలో కంగారు పెరిగింది.

"మలుపు లేదు" అంది. "మరి వాడెక్కడుంటాడు?"

కూతురికి అర్థం కాలేదు.

"అక్కడ మంచం మీదనుంచి తొట్టి కనబడదు కదా. కనబడనంతసేపూ వాడక్కడ ఆడుకుంటున్నట్టే ఉండేది. ఇక్కడ ఎటు చూసినా ఖాళీయే కనిపిస్తోంది."

కూతురు అమ్మకెదురుగా వచ్చి కూర్చుంది. చేతులతో చెప్పబోతే మాటలు తప్పుతున్నాయి, మళ్ళీ మొదటికొచ్చి చెప్పింది. "నాన్న నిన్ను తప్పుపట్టిన రోజు నేను చెప్పలేదమ్మా. కుర్చీ నేను లాక్కున్నానని చెప్పలేదు. అంతలో అది చుక్కల మీదికొచ్చేసింది. వాడే పెట్టాడు. వాడి తడి వేళ్ళు నేను చూశాను."

అమ్మ తన రెండు చేతులూ చాపి కూతురి కళ్ళ ముందు పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది.

"ఇవే ఆ వేళ్ళు. వాణ్ణి తొట్టిలోంచి తీసి పడుకోబెట్టి, మీ నాన్న వచ్చేలోపు నేనే పెట్టాను."

"ఎందుకు పెట్టావు? ఆయన పోయేదాకా నిన్నే..."

"ఆయనకు తప్పు ఎవరిదో ఒకరిది కావాలి. నీకు పదేళ్ళు."

ఆమె పదేళ్ళ పిల్లలాగే ఏడ్చింది. అమ్మకు వినబడదు గనక గొంతు దాచుకోకుండా ఏడ్చింది. అమ్మ చూస్తూనే ఉంది. కాసేపటికి లేచి గుమ్మం బయటికి చెయ్యి చూపించింది. ఇద్దరూ కలిసి బీరువాను లోపలికి తోశారు. గోడకు ఆనించబోతే అమ్మ ఆపింది. అడ్డంగా పెట్టించింది. దాని వెనక మూడడుగుల చోటు మంచం మీదివాళ్ళకు కనబడకుండా పోయింది.

అమ్మ మంచం మీద తన పక్కన చోటు తట్టింది.

"కూర్చో. అటు చూడకు."

ఆమె కూర్చుంది. ఇద్దరూ కిటికీవైపు చూస్తున్నారు. బీరువా వెనక వాడు ఆడుకుంటున్నాడు.