కిటికీ పక్క బల్ల

సబ్బునీళ్లలో ముంచిన బ్రష్షుతో కెజయా పళ్లేన్ని గట్టిగా రుద్దుతోంది. నీలిబొమ్మ అచ్చుపడిన పలచటి కాగితం, ఒకసారి కాల్చిన మట్టికి అతుక్కుంటోంది. తొట్టిలో ముంచితే కాగితం లేచిపోతుంది. వంతెన, విల్లో చెట్టు, రెండు పిట్టలు పళ్లెం మీదే ఉండిపోతాయి. ఇంగ్లండులో, బర్స్‌లెమ్ ఊళ్లోని ఈ పింగాణీ కార్ఖానాలో ముప్పై ఒక్కేళ్లుగా ఇదే ఆమె పని. గోళ్ల చుట్టూ నీలం ఇంకిపోయింది. ఆదివారం చర్చిలో చేతులు శాలువాలో దాచుకుంటుంది.

పళ్లెం అంచుకు అతికే కాగితప్పట్టీ చుట్టూ తిరిగొచ్చి రెండు కొసలూ కలిసే చోటే పనితనం తెలిసేది. కెజయా అతుకు వెతికితే దొరుకుతుంది. అదే గదిలో పనిచేసే డోర్కస్ అతుకు ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.

డోర్కస్‌ది కిటికీ పక్క బల్ల.

"ఆ వెలుతురు నాకిస్తే నేనూ చేస్తా," అంది కెజయా, రోజూ అనే మాటే.

"నీకు వెలుతురెందుకే? నాలుక చాలదూ?" అంది డోర్కస్. గదంతా నవ్వింది.

మధ్యాహ్నం ఓట్స్ అట్టు, జున్ను తిన్నాక కెజయా అలవాటుగా డోర్కస్ పళ్లేలు తిరగేసింది. ఒకదాని దగ్గర ఆగిపోయింది. మధ్యలో విల్లో చెట్టు, చుట్టూ వేరే రకం పళ్లేలకు వేసే గులాబీల అంచు! వెనక డోర్కస్ గుర్తు, చిన్న శిలువ. కెజయాకు ప్రాణం లేచొచ్చింది. పరుగున మేస్త్రీ ఈనక్‌కు చూపించింది.

"ఏంటమ్మా డోర్కస్, విల్లోకి గులాబీలు పూయించావు?"

"గులాబీలా?" డోర్కస్ పళ్లేన్ని బొటనవేలితో తడిమింది. "కాగితాల కట్టలు ఇవాళ అటూ ఇటూ మార్చి పెట్టినట్టున్నారు. నాకు చెప్పలేదు."

"చెప్పడమేంటి? కనబడట్లా?"

"రెండేళ్లయింది మేస్త్రీ. చేతులే చూస్తున్నాయి."

ఎవరూ నవ్వలేదు. డోర్కస్ ఏప్రన్ విప్పి మడిచి, గోడ పట్టుకుని మెట్లు దిగింది. ఆమెకు నాలుగు తిట్లు పడితే చాలనుకుంది కెజయా. ఇంతదాకా వస్తుందనుకోలేదు.

"రేపట్నించి ఆ బల్ల నీదే," అన్నాడు ఈనక్.

రేపటిదాకా ఆగలేక కెజయా అప్పుడే వెళ్లి కూర్చుంది. ఒడి నిండా వెలుతురు. గులాబీల పళ్లేన్ని ఎత్తి, కిటికీకి ఎదురుగా పట్టి చుట్టూ తిప్పింది. మళ్లీ తిప్పింది. అతుకు దొరకలేదు.

కిటికీ గట్టు మీద డోర్కస్ బ్రష్షు ఉండిపోయింది, పిడి మీద బొటనవేలు పట్టేంత గుంటతో, ఇంకా తడిగా.