గౌడెన్సియో ఇవ్వని కథ

ఫిలిప్పీన్స్‌లోని సెబూలో తుపాకీ యజమానుల సంఘాన్ని పుట్టించినవాడు గౌడెన్సియో. లైసెన్సుల కోసం మనీలా ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి అతని జుట్టు నెరిసింది. ఇప్పుడు దేశదేశాల సంఘాలు ఒక కూటమిగా చేరి, న్యూయార్కులో తుపాకుల నియంత్రణపై జరిగే ఐక్యరాజ్యసమితి సభలో ఆసియా తరఫున మాట్లాడే మనిషిని ఎంచుకోవడానికి సెబూ వచ్చాయి. ఆ మనిషి తాను కాక మరెవరని కొత్త బరోంగ్ చొక్కా కూడా కుట్టించుకున్నాడు.

ముందురోజు విందులో కూటమి పెద్ద, ఇటలీవాడు ఫాబ్రీజియో అతన్ని దాటుకుని వెళ్లి రోసెండా చేయి పట్టుకున్నాడు. "మీ ప్రసంగం వీడియోలో చూశాం. మా ఆవిడ ఏడ్చేసింది!"

రోసెండా మాండవేలో కిరాణా కొట్టు నడిపే వితంతువు. సంఘంలో నిన్నగాక మొన్న చేరింది. ఆమెకు తుపాకీ పట్టుకోవడం నేర్పింది తనే. గౌడెన్సియో పళ్లెం పక్కకు నెట్టేశాడు.

"రేపు మీటింగు ఎన్నింటికి, మానోయ్?" అని ఆమె అడిగింది. అన్నయ్యా అన్న ఆ పిలుపు కూడా ఆ రాత్రి అతనికి చేదైంది.

"మధ్యాహ్నం మూడింటికమ్మా."

మీటింగు ఉదయమే.

మర్నాడు అతను మాట్లాడుతుండగా తలుపు తెరుచుకుంది. ఫాబ్రీజియో ఫోన్ చేసి పిలిపించాడట. రోసెండా వగరుస్తూ గౌడెన్సియో కళ్లలోకి ఒక్కసారి చూసింది. తర్వాత అందరివైపు తిరిగి, "క్షమించండి, వంతెన మీద ట్రాఫిక్కు" అంది. నిలదీసినా ఇంత మండేది కాదు. సాయంత్రానికి ఆమెనే ఎన్నుకున్నారు.

బయట మెట్ల మీద అతన్ని పట్టుకుంది. "నాతో చెప్తే తప్పుకునేదాన్ని కదా మానోయ్. ఎందుకలా చేశావ్?"

"నువ్వు తప్పుకుంటే వచ్చేది నాకెందుకు?"

"సరే. మీ నాన్న సంగతి అక్కడ చెప్పనా?"

సైనిక పాలనలో తుపాకులన్నీ అప్పగించమంటే, తండ్రి లైసెన్సున్న తన తుపాకీని బుద్ధిగా సర్కారుకు ఇచ్చేశాడు. దొంగలు తమవి దాచుకున్నారు. ఆ వర్షాకాలమే వచ్చి గేదెల్ని తోలుకుపోయారు, అడ్డొచ్చిన తండ్రి కాలు విరగ్గొట్టారు. గౌడెన్సియో ఒక పెళ్లిలో తాగి ఆమెకు చెప్పాడు గానీ, పెద్ద సభలో తన నోటితో చెప్పాలని దాచుకున్న కథ అది.

"అది నాది. ముట్టుకోకు," అన్నాడు.

కానీ ఆమె బయల్దేరే రోజున ఇంట్లో కాలు నిలవక విమానాశ్రయానికి వెళ్లాడు. "ఆ పెళ్లిలో తాగి మూడన్నాను గానీ గేదెలు రెండే. విరిగింది ఎడమ కాలు. తప్పు చెప్పావంటే ఊరుకోను," అని మొహం తిప్పుకున్నాడు.

సభ జరిగిన రోజు భార్య పెర్ఫెక్తాతో కలిసి ఫోన్లో చూశాడు. రోసెండా అతని పేరు చెప్పింది, తండ్రి పేరూ చెప్పింది. ఎడమ కాలి దగ్గర ఒక్క క్షణం ఆగింది. 

పెర్ఫెక్తా కళ్లు తుడుచుకుంటూ, "ఎంత బాగా చెప్పిందండీ!" అంది.

"అవును," అన్నాడు గౌడెన్సియో. "నాకంటే బాగా చెప్పింది, ముదనష్టపుది."