వీపుల వెనక

బెంచీలు అర్ధచంద్రంలా జరిపించడంతోనే ఆవిడ పీరియడ్ మొదలవుతుంది. బెంచీలు కిర్రుమంటాయి, ఆవిడ మోకాళ్లూ కిర్రుమంటాయి. పక్క గదిలోంచి లెక్కల మాస్టారు డస్టరుతో గోడ బాదుతారు. ఆయన బాదడం, ఈవిడ వినపడనట్టు ఊరుకోవడం ఏళ్ల తరబడి సాగుతున్న స్నేహం.

పొట్టి మనిషి. కొంగు నిండా సుద్దపొడి. ఏ జవాబు చెప్పినా "ఎందుకమ్మా?" అని అడిగి అడిగి, ఈ ఇంగ్లీషు టీచరు పిల్లలకు "ఎందుకమ్మ" అయిపోయింది. ఆ పేరు తనకు తెలియదనుకుంటారు వెర్రి వెధవలు.

నోట్సు చెప్పి బట్టీ పట్టించడం ఆవిడకు చేతకాదు. చదవండి, వాదించుకోండి అంటుంది. వాదిస్తారు, కాని ఆవిడ ముఖం చూస్తూ వాదిస్తారు. కనుబొమ లేస్తే చాలు, ఠక్కున మాట మార్చేస్తారు. ఈ రోజుతో ఉద్యోగం అయిపోతోంది. రేపు ఈ ముఖం లేకపోతే వీళ్లు నోరు విప్పుతారా? ఇన్నేళ్లూ నేర్పింది ఆలోచించడమా, తన కనుబొమలు చదవడమా? రాత్రి ఆ దిగులుతో నిద్ర పట్టలేదు.

అందుకే ఇవాళ తన కుర్చీ వదిలేసి, వాళ్ల వీపుల వెనక, గుమ్మం పక్క బెంచీ మీద, చేతిలో తన పాఠం పుస్తకంతో కూర్చుంది.

పాఠంలో ఒక తల్లి, కొడుకు జ్వరంతో పడుంటే మందుల కోసం వాడి కుక్కను అమ్మేసి, అది పారిపోయిందని వాడికి చెబుతుంది.

"తల్లిదే తప్పు," అని ఒకడు వెనక్కి తిరిగాడు.

"నన్నేం చూస్తావురా, నా మొహాన రాసుందా? అటు తిరుగు."

వాడు అటు తిరిగి పుస్తకంలో తల దూర్చాడు. ఆవిడ చీర కుచ్చిళ్లు పిడికిట్లో నలిపేసింది.

"తప్పేం కాదు," అంది ఆవిడకు సరిగ్గా ముందు కూర్చున్న క్లాసు లీడరు పిల్ల, మెల్లగా. "నిజం చెబితే వాడు మందు మింగుతాడా?"

"జ్వరం తగ్గాకైనా చెప్పొచ్చుగా?"

"చెప్పలేదని ఎక్కడుంది? చూపించు!"

"నువ్వు చూపించు, చెప్పిందని!"

పేజీలు టపటపలాడాయి. నలుగురు ఒకేసారి అరిచారు. ఒక్కరూ వెనక్కి తిరగలేదు. ఆవిడకు కళ్లు నిండిపోయాయి, ఒళ్లంతా తేలికైపోయింది. ఆఫీసులో సన్మానం, ఉపన్యాసాలు కాచుకుని ఉన్నాయి. పుస్తకం బెంచీ మీదే వదిలేసి, చెప్పులు చేత్తో పట్టుకుని, దొంగలా వరండాలోకి జారుకుంది.

లోపల గొడవ ముదిరింది. లీడరు పిల్ల పుస్తకంలో ఆ పేజీ చిరిగిపోయి ఉంది. వెనక్కి చూడకుండానే చెయ్యి చాచి, "ఒక్క నిమిషం టీచర్," అని బెంచీ మీది పుస్తకం లాక్కుంది.

అట్ట మీద ఆవిడ చేతి చెమట ఇంకా ఆరని ఆ పుస్తకం, ఒకరి చేతిలోంచి ఇంకొకరు గుంజుకుంటూ ఉంటే, గది చివరిదాకా వెళ్లిపోయింది.