చేతి పొరపాటు

"చేతులు బాగా రుద్దుకుని రా అమ్మా. ఆ కంపుతో పప్పు వండితే ఎవరు తింటారు?" అంది మా అత్తగారు పుణ్యవతి. నేనింకా చెప్పులు విడవలేదు. అదే ల్యాబ్ నుంచి, అదే కారులో నాతోపాటు వచ్చిన నా భర్త రోహిత్ అప్పటికే సోఫాలో కాళ్లు చాపుకున్నాడు. కంప్యూటర్ ముందు చేసే పని కాబట్టి అతని చేతులకు వాసన ఉండదు.

మేమిద్దరం పనిచేసేది శేరిలింగంపల్లిలో ఓ చిన్న మందుల కంపెనీలో. ఇంజెక్షన్‌గా ఇవ్వబోయే ఒక ప్రోటీన్ ఏ సాల్వెంట్‌లో కరిగిస్తే చెడిపోకుండా నిలుస్తుందో రోహిత్ కంప్యూటర్‌లో నమూనా కట్టి తేల్చాడు. దాన్ని నిజంగా కలిపి పరీక్షించడం నా పని. కలిపాను. మర్నాటికి ప్రోటీన్ గడ్డలు కట్టింది. కొత్త సీసా తెరిచి మళ్లీ చేశాను. మళ్లీ గడ్డలే.

కుక్కర్ మూత పెడుతూ ఆ సంగతి చెప్పాను. ఫ్రిజ్‌కి ఆనుకుని విన్నాడు రోహిత్.

"రేపు మీటింగ్‌లో అది పెట్టకు. నా ప్రమోషన్ ఆ నమూనా మీదే ఉంది" అంటూ నా భుజం మీద చెయ్యి వేశాడు. చాన్నాళ్లకు వేశాడు. కానీ రోగి ఒంట్లోకి వెళ్లే మందు అది.

"పెడతాను" అన్నాను.

"మొగుడు పైకొస్తుంటే ఓర్వలేని ఆడదాన్ని ఇప్పుడే చూస్తున్నా" అంది అత్తగారు హాల్లోంచి.

మర్నాడు నా ఫలితం తెర మీద పెట్టగానే రోహిత్ నవ్వాడు. "ఏం లేదు మేడమ్, ఆవిడ చేతి పొరపాటు. ఈమధ్య ఇంట్లోనూ పరధ్యానమే. నిన్న పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది."

అందరూ నవ్వారు. మా డైరెక్టర్ సంయుక్త మేడమ్ కూడా. పగలంతా ల్యాబ్‌లో నిలబడి వెళ్లి నేను వండిన పప్పును, తిని మూతి తుడుచుకున్న మనిషే నా మీద సాక్ష్యంగా తెచ్చాడు. కోపమైతే అరిచేదాన్ని. ఇది అసహ్యం.

"నా చెయ్యే తప్పయితే, అఖిల చెయ్యి కూడా తప్పేనా? తనూ విడిగా అదే పరీక్ష చేసింది, అడగండి" అన్నాను.

పక్క బల్ల మీద పనిచేసే అఖిల లేచింది. "నాకు గూడ గడ్డలే వచ్చినయ్ మేడమ్. అక్క తప్పేం లేదు."

నవ్వులు ఆగాయి. ఆ సాల్వెంట్‌ను పక్కన పెట్టమంది మేడమ్. నా వైపు చూడకుండానే తర్వాతి విషయం ఎత్తుకుంది. బయటికొచ్చాక అఖిలే నా చెయ్యి పట్టుకుంది. "ఫికర్ చెయ్యకక్కా. లింగంపల్లిల నా రూముంది, ఎప్పుడన్న వచ్చెయ్."

సాయంత్రం మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ గేటు ముందు రోహిత్ కారు ఆపాడు. అప్పుడన్నాడు: "నలుగురిలో నా పరువు తీశావు. సర్లే, పెద్దమామయ్య వాళ్లు భోజనానికొస్తున్నారు. చపాతీలు చెయ్యి."

"చెయ్యను. నా గురించి అన్న మాట రేపు ఆఫీసులో, నవ్విన ఆ మనుషుల ముందే వెనక్కి తీసుకో. అప్పటిదాకా అఖిల దగ్గరుంటాను."

కారు దిగి ఆటో ఆపాను. అతను అద్దం దించి, ఎంతో కంగారుగా అడిగాడు: "మరి వాళ్లకి వంట?"

రేపు అతను ఆ మాట వెనక్కి తీసుకున్నా ఇక నేను తిరిగి రానని నాకు అప్పుడు తెలిసింది.