స్విమ్మింగ్‌పూల్‌కు గంగపూజ

ఈశ్వరమ్మ ఐదో అంతస్తు బాల్కనీలోంచి కిందికి చూసి, ఎవరూ గమనించడం లేదని రూఢి చేసుకుని, చేతులు జోడించింది. కింద రెండు బ్లాకుల నడుమ, నీలం పలకలు పరిచిన గుంట నిండా నీళ్లు. నిన్న పొద్దుటి నుంచి ఇరవై ట్యాంకర్లు వరసగా వచ్చి నింపి పోయాయి. ఆ నీళ్లు తాగడానికి కాదట, పైరుకు కాదట, మనుషులు దిగి ఆడుకోవడానికట. కొడుకు ప్రశాంత్ ఈ మాట చెప్పినప్పుడు వాడు తనను ఆటపట్టిస్తున్నాడనుకుంది.

ఆమెది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం పక్క పల్లె. మూడెకరాల చేనులో నాలుగు బోర్లు వేస్తే నాలుగింట్లోనూ దుమ్మే లేచింది. ఆఖరికి మొగుడు గోవిందప్ప వ్యవసాయానికి దణ్ణం పెట్టి, హైదరాబాదు వచ్చి, గచ్చిబౌలి బండల మధ్య ప్లాట్లు అమ్మించే పనిలో పడ్డాడు. ప్రశాంత్‌కు మాదాపూర్‌లో కొత్తగా లేచిన ఆ గుండ్రటి అద్దాల మేడలో కంప్యూటర్ ఉద్యోగం. ముగ్గురూ ఈ అపార్ట్‌మెంటులో చేరి ఏడాదైంది. తొంభై తొమ్మిది మే నెల. ఊళ్లో మనుషులు బిందెలతో మైళ్లు నడుస్తున్న ఆ ఎండల్లో, ఇక్కడ ఇన్ని నీళ్లు ఊరికే ఆకాశాన్ని చూస్తూ పడుకున్నాయి. ఆమెకు రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

సాయంత్రం ఆరింటికి ప్రారంభోత్సవం. అసోసియేషన్ కార్యదర్శి రామ్మోహనరావు నున్నటి కార్డు అచ్చు వేయించి అరవై ఫ్లాట్లకూ పంచాడు. ఆయన భీమవరం వైపు మనిషి, ప్రభుత్వ ఇంజినీరు, ఏం చేసినా కాగితం మీద పెట్టి చేస్తాడు. కార్డు మీద ‘పూల్‌సైడ్ కాక్‌టెయిల్స్’ అని బంగారు రంగు అక్షరాలు. రాష్ట్రంలో మద్యనిషేధం ఎత్తేసి రెండేళ్లయినా, కార్డు కొట్టించి మరీ తాగడమన్నది ఆ బిల్డింగులో ఎవరికీ అనుభవం లేని సంగతి. మగవాళ్లు వారం రోజులుగా ఆ కార్డును పెళ్లి శుభలేఖ కంటే భద్రంగా దాచుకున్నారు.

ఇంత జరుగుతున్నా ఒక్కరికీ అసలు పని గుర్తు లేదని ఈశ్వరమ్మ బాధ. వాళ్ల వైపు పదేళ్లకో పన్నెండేళ్లకో చెరువు నిండి, అలుగు పొర్లి మరవ పారితే, ఊరు ఊరంతా కట్ట మీదికి పోయి గంగమ్మకు పసుపు, కుంకుమ, గాజులు, రవికగుడ్డ ఇచ్చి, టెంకాయ కొట్టి గానీ నీళ్లు ముట్టదు. తల్లి వచ్చినప్పుడు రమ్మని పిలవకపోతే మళ్లీ ఎందుకొస్తుంది? అందుకే తెల్లవారుతుండగానే తలస్నానం చేసి, పళ్లెం సర్దుకుని లిఫ్టులో దిగింది. నీళ్ల ముందు నిలబడి చూసింది. అడుగున పలకల గీతలు కూడా లెక్కపెట్టగలిగేంత తేటగా ఉన్నాయి. అంత తేట నీళ్లు ఆమె చెంబులో చూసింది గానీ, అంత మేర పరుచుకుని ఉండగా ఎన్నడూ చూడలేదు. మెట్ల దగ్గర వంగి దోసెడు పసుపు నీళ్లలో వదిలింది. మనసు తీరక ఇంకో రెండు దోసిళ్లు వదిలింది.

నీళ్లు ఎర్రబడ్డాయి.

కొత్త నీళ్లకు మంచిదని వాచ్‌మన్ పుల్లయ్య రాత్రి ఆ మెట్ల దగ్గరే బస్తాడు తెల్ల పొడి పోశాడు. సున్నంలాంటి ఆ పొడి ఇంకా పూర్తిగా కరగలేదు. సున్నంలో పసుపు కలిస్తే ఏమవుతుందో దిష్టి తీసిన ప్రతి ఆడదానికీ తెలుసు. పళ్లెంలో కలపాల్సిన ఎర్రనీళ్లు ఇక్కడ ఒక గదంత మేర కలిశాయి. చూస్తుండగానే ఆ ఎరుపు మెల్లగా లోతు వైపు పాకింది. పుల్లయ్య చీపురు పడేసి పరిగెత్తుకొచ్చాడు.

“ఇదేందమ్మా గిట్లయింది? ఇగ సార్ నన్ను ఉంచుతడా?” అన్నాడు.

సార్, అంటే రామ్మోహనరావు, వచ్చాడు. అరిచి ఉంటే ఈశ్వరమ్మకు కాస్త తేలికగా ఉండేది. ఆయన మర్యాదగా, ‘ఏం కలిపారండీ, ఎంత కలిపారండీ’ అని అడిగి, కాసేపు లెక్క వేసుకుని, వాల్వు తిప్పి మొత్తం వదిలేసి మళ్లీ నింపుదామని తేల్చాడు. ఆ మాట వినగానే ఈశ్వరమ్మ పళ్లెం కింద పెట్టి ఆయనకు ఎదురొచ్చింది. తన చేత్తో చేసిన పూజకు ఇరవై ట్యాంకర్ల గంగ మురికికాలవలో కలవాలా? ఇంతకంటే పాపం ఉంటుందా?

“పసుపు మరక ఎండకు నిలవదు సార్,” అంది. “గుడ్డకైనా అంతే, నీళ్లకైనా అంతే. పైటాల దాకా ఎండ కొట్టనీ. మీకు దండం పెడతా.”

ట్యాంకర్లు ఎలాగూ మధ్యాహ్నం దాకా దొరకవు. అందుకని ఆయన మూడింటి వరకూ గడువిచ్చాడు. ఆమె గొడుగు పట్టుకుని గట్టు మీదే కూర్చుంది. ప్రశాంత్ సిగ్గుతో వచ్చి రెండుసార్లు పైకి పిలిచాడు, ఆమె కదల్లేదు. పదింటికి ఎరుపు కాస్తా గులాబీ రంగయింది. పన్నెండింటికి ఆ గులాబీ కూడా ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. రెండు గంటలకు నడినెత్తి దాటిన ఎండ నీళ్ల అడుగు దాకా దిగి పలకల మీద ఆడుతోంది. ఎర్ర చుక్క ఒక్కటి లేదు. తను చెప్పింది తనే నమ్మలేకపోయింది ఈశ్వరమ్మ. గట్టు మీంచి లేచి, ఆ ఎండలో చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

రామ్మోహనరావు వచ్చి, గాజు గ్లాసుతో నీళ్లు ముంచి వెలుగుకు ఎత్తి చూసి, ‘బాగున్నాయండి’ అన్నాడు. గండం గడిచిందనుకుంది ఈశ్వరమ్మ.

ఆరింటికి అందరూ దిగారు. పొడవాటి గ్లాసుల్లో నారింజ రంగు, నీలం రంగు పానీయాలు, అంచున పైనాపిల్ ముక్క, దాని మీద కాగితం గొడుగు. ఆ గొడుగు ఎవరి కోసమో ఈశ్వరమ్మకు అర్థం కాలేదు గానీ చూడ్డానికి ముచ్చటేసింది. అయితే ఆ పాటికి పొద్దుటి కథ అరవై ఫ్లాట్లూ తిరిగొచ్చింది. పూజ జరిగిన నీళ్లని తెలిశాక ఆడవాళ్లు గట్టుకు నాలుగు గజాల దూరాన చెప్పులు విప్పేశారు. గంగమ్మ ఎదుట మందేమిటని ఎవరో అంటే, బార్ బల్లను ఎత్తుకుపోయి కార్ల షెడ్డులో పెట్టారు. గోవిందప్ప స్విమ్మింగ్‌పూల్ వైపు తిరిగినప్పుడల్లా గ్లాసు వీపు వెనక్కి పోతోంది. నమ్మేవాళ్లు దిగితే పాపమన్నారు. నమ్మనివాళ్లు ఆ ఎరుపు ఏం రసాయనమో ఎవరికి తెలుసన్నారు. తల్లులు పిల్లల మణికట్లు వదల్లేదు. కార్డులు కొట్టించి మరీ పిలిచిన పార్టీ స్కూటర్ల మధ్య ఇరుక్కుని సాగింది, నీళ్లు మాత్రం పొద్దున ఉన్నట్టే ఒంటరిగా ఉన్నాయి.

పొద్దు వాలబోతుండగా రామ్మోహనరావు గొంతు సవరించుకుని, అందరికీ అనుమానంగా ఉంది కాబట్టి ఈ నీళ్లు వదిలేసి కొత్తవి పట్టిస్తామని, వచ్చే శనివారం మళ్లీ కలుద్దామని ప్రకటించాడు. పుల్లయ్య వాల్వు దగ్గరికి నడిచాడు.

ఈశ్వరమ్మ లేచింది. ఆ గుంపులో ఆమె ఏడాదిగా పది మాటలు కూడా మాట్లాడి ఉండదు.

“సార్, మా ఊర్లో పూజ చేసేదే దిగేకి. తల్లికి పసుపు ఇచ్చినాక పిల్లోళ్లు దూకుతారు, బర్రెలు గూడా దిగుతాయి. ఎవురూ దిగకుండా కాలవలోకి పారబోస్తే, అదీ సార్ పాపం,” అంది.

ప్రశాంత్ తల దించుకున్నాడు. ఆమె కొంగు నడుముకు దోపుకుని మొదటి మెట్టు దిగింది. తర్వాత రెండోది. మూడో మెట్టుకు నీళ్లు మోకాళ్లు దాటాయి. అంతకు మించి నీళ్లలో ఆమె జన్మలో నిలబడలేదు. యాభై రెండేళ్ల వయసు, ఈత రాదు, అడుగు కనిపిస్తున్నా లోతు తెలియదు. అయినా దిగింది. నీళ్లు నడుముకు, అక్కణ్ణుంచి రొమ్ము దాకా వచ్చాయి. చీర చుట్టూ పువ్వులా విచ్చుకుంది. ఆమె కదల్లేక, వెనక్కి రాలేక, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడింది.

వెనక నీళ్లు చప్పుడయ్యాయి. ఎవరో చెయ్యి పట్టుకున్నారు. రామ్మోహనరావు భార్య పుణ్యవతి, పట్టుచీరతోనే దిగింది. కాలవ గట్టున పుట్టి పెరిగిన మనిషి, పెళ్లయ్యాక ముప్పై ఏళ్లుగా ఈత కొట్టలేదట. గట్టు మీద రామ్మోహనరావు నోరు తెరిచి చూస్తుండగా ఆమె భర్త వైపైనా చూడకుండా, “ఆ వాల్వు ముట్టుకోవద్దని చెప్పండి,” అంది. పుల్లయ్యకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

తర్వాత ఈశ్వరమ్మ వీపు కింద అరచెయ్యి పెట్టి, “భయపడకండి వదినగారూ, నడుం వదిలేయండి. నేనున్నాను,” అంది.

ఈశ్వరమ్మ వదిలేసింది. కాళ్లు నేల విడిచాయి. చెవుల్లోకి నీళ్లొచ్చి గట్టు మీది గోల ఆగిపోయింది. కళ్లు తెరిస్తే పైన రెండు బ్లాకుల మధ్య ఆకాశం ఎర్రగా, చాలా దూరంగా ఉంది. ఎనిమిదేళ్ల పిల్లప్పటి నుంచి నెత్తిన ఒకటి, చంకన ఒకటి బిందెలు పెట్టుకుని నడిచిన ఒళ్లది. ఆ ఒంటికి ఇప్పుడు బరువే లేదు. ఈశ్వరమ్మ, పక్కనే ఉన్న పుణ్యవతితో, ఎవరైనా వింటే చెదిరిపోతుందేమో అన్నంత మెల్లగా చెప్పింది.

“మోస్తాండాదమ్మా. ఇన్నేండ్లూ నేను మోసినాను గదా, ఇప్పుడు నన్ను మోస్తాండాది.”