ఎర్రముడి వెయ్యని గౌను

నెలలో ఆ నాలుగైదు రోజులూ టైలరమ్మ దుకాణానికి జాకెట్లూ చొక్కాలూ ఎవరూ తెచ్చేవాళ్లు కాదు. కర్టెన్లూ దిండు గలీబులూ తెచ్చేవాళ్లు. నొప్పి లేచినప్పుడు ఆమె కుట్టిన బట్ట ఎవరు వేసుకున్నా, వాళ్లకీ అదే చోట అదే నొప్పి. కిటికీకి కడుపుండదు కదా! పొరపాటున ఒంటిమీదికి వేసుకునేదేదైనా కుడితే, మెడ దగ్గర ఎర్రదారంతో ముడేసి వేరే అరలో పడేసేది.

వీధంతా ఎరిగిన నొప్పి స్కాన్‌లో మాత్రం కనబడలేదు. పాత డాక్టరు ఆడవాళ్లన్నాక ఉండేదేనని మాత్రలు రాశాడు. అత్తగారిదీ అదే పాట. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ ఒక్కతే, ఎర్రముడి సంగతితో సహా, చెప్పిందంతా వింది. గర్భసంచి లోపలుండే పొరలాంటిది బయట మొలిచి అంటుకుపోయిందేమో, చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూద్దాం, కనబడితే తీసేద్దాం అంది. కనబడకపోతే? కుట్లేసి ఇంటికి పంపేస్తానంది.

అప్పట్నుంచీ టైలరమ్మకి కంటిమీద కునుకు లేదు. కత్తికి కాదు భయం. లోపల కూడా ఏమీ లేదని తేలితే, ఇక ఈ జన్మలో తన మాట ఎవరు నమ్ముతారు?

ఆపరేషన్ బల్లమీద పడుకుని పైకి చూసి బిక్కచచ్చిపోయింది. ఆసుపత్రి గౌన్లన్నీ కుట్టేది తనే. డాక్టరమ్మ వేసుకున్నదాని మెడపట్టీ మీద కుట్టు వంకరపోయింది. నొప్పికి పళ్లు బిగించి కుట్టినప్పుడే అలా పోతుంది. ఎర్రముడి లేదు. వెయ్యడం మరిచి మూటలో కలిపేసింది, పాడు మతిమరుపు! కత్తి పట్టిన చెయ్యి వణికితే తన గతేంటి?

"మేడం, ఆ గౌను..." అనబోయింది. మాస్కు పెట్టేశారు.

కళ్లు తెరిచేసరికి డాక్టరమ్మ ఇంకా ఆ గౌనుతోనే పక్క కుర్చీలో నడుం పట్టుకుని కూర్చుంది. ముఖం పాలిపోయి ఉంది.

"ముందువైపంతా చూశాను, ఏమీ లేదు. మూసేద్దామనుకున్నా," అంది డాక్టరమ్మ. "అప్పుడే నాకు వెనక పేగు పక్కన పీకడం మొదలైంది. కెమెరా అటు తిప్పాను. నువ్వు చెప్పిన చోటే ఉందమ్మా. పేగునీ గర్భసంచినీ అతికించేసింది. ఒలిచి తీసేశాను. ఇన్నేళ్లూ దీంతో మిషను ఎలా తొక్కావు?"

టైలరమ్మ భోరుమంది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, మళ్లీ వస్తుందా అని భయంభయంగా అడిగింది. డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు, రావచ్చంది. లేవబోయి, నడుం పట్టేసి మళ్లీ కూలబడింది.

"వస్తే మాత్రం, స్కాన్ కంటే ముందు నాకో గౌను కుట్టి పంపు."