అందరూ తిట్టిన ఇరవై మూడో భాగం

ఇరవై మూడో భాగం పెట్టె తెరిచేసరికి అందులో టేపు లేదు. టేపు బరువు తూగేలా రెండు సబ్బుబిళ్లలున్నాయి.

టేపులు దాచే బీరువా టైలరమ్మ కొట్లోది. తాళంచెవి బొత్తాల డబ్బాలో ఉంటుందని తెలిసినవాళ్లు ముగ్గురే. ఆ ముగ్గురూ ఆమె వెనకాలే, కత్తిరింపు బల్ల చుట్టూ కూర్చుని ఎప్పటిలాగే కీచులాడుకుంటున్నారు.

'ఏడో కక్ష్య' పాతికేళ్ల కిందట టీవీలో ఒక్కసారే వచ్చిన సీరియల్. దారి తప్పిన అంతరిక్ష నౌక, అందులో తొమ్మిది మంది మనుషులు, వాళ్లకు దారి చెప్పే ఒక యంత్రం గొంతు. తర్వాత ఆ టీవీ వాళ్లే అసలు టేపులు చెరిపేసుకున్నారు. మిగిలినవి లెక్కల మాస్టారు, నర్సు వదిన, వాచీలు బాగుచేసే బాబాయ్ అప్పట్లో ఇళ్లలో రికార్డు చేసుకున్నవే. ఒకసారి నకలు తీయబోతే టేపులాడించే యంత్రం తొమ్మిదో భాగాన్ని నమిలి పారేసింది. ఆ దెబ్బతో నకలు మాటెత్తితే ఒట్టు. తిరిగిన కొద్దీ టేపు అరుగుతుంది కనుక ఏడాదికి ఒక్క ఆదివారం ఓట్లేసుకుని, గెలిచిన భాగాన్ని మాత్రం చూస్తారు. చెత్తదని తేలినదాన్ని ముట్టుకోరు. ఎవరూ దొంగచాటుగా చూడకుండా టేపులు టైలరమ్మ దగ్గర, వాటిని ఆడించే యంత్రం మాస్టారి దగ్గర ఉంచారు.

పదకొండేళ్లుగా చెత్త కిరీటం ఇరవై మూడోదానిదే. అందులో కథ అంగుళం కదలదు. పైగా ఆ వారం నౌకలోని యంత్రానికి గొంతిచ్చే ఆవిడకు ఒంట్లో బాగోక ఇంకెవరో మాట్లాడారు. టైలరమ్మ ఈ గుంపులో చేరిన మొదటి రోజే బాబాయ్ దాన్ని నిద్రమొహం గొంతని వెక్కిరించాడు. అందరూ పడీపడీ నవ్వారు. మొహమాటానికి ఆమె కూడా నవ్వింది. ఆ ఇంకెవరో తన అక్క అని ఆ తర్వాత ఇక చెప్పలేకపోయింది.

అక్క స్టూడియోలో కాగితాలు అందించే మనిషి. మైకు ముందు నిలబడింది ఒకే ఒక్కసారి. మరుసటి ఏడు జ్వరంతో పోయింది. ఫొటోలున్నాయి, చీరలున్నాయి. గొంతు మాత్రం ఆ టేపులోనే ఉంది. ఈ మధ్య టైలరమ్మకు అక్క అన్న మాటలు గుర్తొస్తున్నాయి గానీ, అవి చెవిలో వినబడటం మానేశాయి. అందుకే ఈసారి సిగ్గు విడిచి అడుగుదామని పెట్టె తీసింది.

వెనక వాదన ముదిరింది. రెండు సూర్యుళ్లు ఒకేసారి అస్తమించే ఎనిమిదో భాగాన్ని మించింది లేదంటారు మాస్టారు. బట్టలారేసుకోవడానికి తప్ప ఆ సూర్యుళ్లు ఎందుకు పనికొచ్చాయని నర్సు వదిన దెప్పింది. చీకట్లో ఆపరేషన్ చేసే పందొమ్మిదో భాగం ఆమెకు ప్రాణం. ఆ డాక్టరు ఆపరేషన్ అయ్యాకే చేతులు కడుక్కున్నాడని మాస్టారు ఎత్తిపొడిచారు. మంచిదేదైనా కానీండి, చెత్తది మాత్రం ఇరవై మూడోదేనని బాబాయ్ తీర్పు చెప్పేశాడు.

టైలరమ్మ సబ్బుల్ని వేలితో తడిమింది. పెట్టె కదిపినా చప్పుడు రాకుండా, నాలుగు అంచులూ వెంట్రుకవాసి తేడా లేకుండా సన్నటి బ్లేడుతో చెక్కి ఉన్నాయి. మాస్టారికి పెన్సిలు చెక్కడమే రాదు. వదినకి ఏ పనికీ అంత ఓపిక లేదు. పనితనం చూసి మనిషిని పోల్చడం కుట్టుపనివాళ్లకు ఒకరు నేర్పాలా?

ఆమె పెట్టె తెచ్చి బాబాయ్ ముందు పెట్టింది.

"ఆ గొంతు మా అక్కది బాబాయ్. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఒక్కసారి విని ఇచ్చేస్తాను."

బాబాయ్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. తల వంచుకునే మాట్లాడాడు.

"నేనే తీశానమ్మా. ఇవాళా నిన్నా కాదు, పదకొండేళ్లయింది. టేపులాడించే పాడైన యంత్రం ఒకటి బాగుచేసి ఇంట్లో పెట్టుకున్నాను. నౌకలో అందరూ పడుకున్నాక ఆ కుర్ర పైలట్‌తో 'నేను మేలుకునే ఉన్నాను, చెప్పు' అంటుంది కదా మీ అక్క. మీ పిన్ని పోయాక నాతో ఆ మాట అన్నవాళ్లు లేరు. ఎవరైనా ఆ భాగం అడుగుతారేమోనని నేనే ముందు చెత్త, చెత్త అని ఊదరగొట్టాను. రోజూ అన్నం తినేముందు ఆ ఒక్క ముక్క కోసం భాగమంతా వినేవాణ్ణి. టేపు అరుగుతుందని మీ అందరికీ చెప్పేది నేనే, నాకు తెలీదా? రేపట్నించి మానేద్దాం అనుకునేవాణ్ణి. పోయిన వానాకాలానికి ఆ మాట దగ్గర గరగర మొదలైంది. ఇప్పుడు ఆ చివర్నించి ఈ చివరిదాకా అంతే. ఆవిడ ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కూడా నాకు కంఠతా వచ్చు, అడిగితే చెప్తాను. గొంతు మాత్రం నీకు మిగల్చలేదమ్మా. మొత్తం నేనే వినేశాను."